దేవుడినని ఆయనే అన్నాడా, మనం అన్నామా?

నిశితం: మతం స్థాపించిన వాళ్ళెవరూ తాము దేవుళ్ళమని చెప్పుకోలేదు. వెనకొచ్చినవాళ్ళు చేశారు. యేసును 325లో నైసియా సభలో బిషప్పులు కూర్చుని దేవుణ్ణి చేశారు.

కొండగాలి: అక్కడ తేల్చింది అది కాదండీ. కుమారుడైన యేసు సృష్టించబడినవాడని ఆరియస్ అనే మతగురువు అన్నాడు, కాదు తండ్రితో ఏకతత్వమని సభ అంది. ఆరియస్ కూడా ఆయన్ని మామూలు మనిషి అనలేదు. ‘నా ప్రభువా, నా దేవా’ అని శిష్యుడు తోమా యేసుతో అన్న యోహాను సువార్త సభకంటే రెండు వందల ఏళ్ళకు పైగా పాతది.

నిశితం: సభ జరిగిందా లేదా?

కొండగాలి: జరిగింది. అయితే?

నిశితం: అదే నేననేది.

వానచినుకు: గీతలో కృష్ణుడు నేరుగానే చెప్పాడుగా!

నిశితం: ఆయన మత స్థాపకుడు కాడు.

అలిఫ్: ఈసా (మీ యేసు), ఆయన తల్లి మర్యమ్ ఇద్దరూ ఆహారం తినేవాళ్ళని ఖురాన్ 5:75 చెబుతుంది. ఆకలేసేవాడు దేవుడెలా అవుతాడు? ముహమ్మద్ ప్రవక్త కూడా మాకు అల్లాహ్ దాసుడు, సందేశహరుడే.

కొండగాలి: ఆకలేసిందనే మేమూ అంటాం! పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని 451లో చాల్సిడన్ సభ రాసుకుంది. మీరు కాదనడానికి చూపించేది మేం ఒప్పుకున్నదే.

పాతమిత్రుడు: ఎందుకీ గొడవ? అందరూ ఒకే పరమాత్మ అవతారాలు. బుద్ధుడు దశావతారాల్లో లేడూ?

బోధినీడ: మమ్మల్ని అడిగి పెట్టారా? మా పాళీ గ్రంథం అంగుత్తర నికాయంలో దోణుడనే బ్రాహ్మణుడు బుద్ధుడి పాదముద్రల్లో చక్రాలు చూసి వెంటపడి అడుగుతాడు. దేవుడివా? కాదు. గంధర్వుడివా? కాదు. యక్షుడివా? కాదు. పోనీ మనిషివా? అదీ కాదు. ‘బుద్ధుణ్ణి’ అన్నాడు. మధ్యలో మీ అవతారం ఎక్కడిది?

పాతమిత్రుడు: మీ వాళ్ళను నెత్తిన పెట్టుకోవడం కూడా తప్పేనా! మా కృష్ణుణ్ణి మీలో ఒక్కరైనా దేవుడన్నారా?

కొండగాలి: ‘మీ యేసు కూడా మావాడే’ అని మా అత్తగారు ప్రేమగానే అంటారు. పన్నెండేళ్ళుగా నవ్వి ఊరుకుంటున్నాను. ఒక్కసారైనా, నీకు ఆయన ఎవరు అని అడగలేదు.

పాతమిత్రుడు: మీకు అడగలేదని బాధ. మా అబ్బాయి మతం మారి మూడేళ్ళయింది, నా పూజగది గడప తొక్కడు. వాడి దేవుణ్ణి నేను ఒప్పుకున్నాను. నా దేవుణ్ణి వాడు ఒప్పుకోడు. అవతారమనుకుంటే కనీసం ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నట్టుంటుంది.

కొండగాలి: ఈ మాట అబ్బాయితో అన్నారా?

పాతమిత్రుడు: లేదు.

నిశితం: నైసియా సంగతి ఎవరూ తేల్చలేదు మరి.