డ్రమ్ కోర్ పోటీలు: కొత్త ప్రదర్శనలు, పాత విజేతలు

ప్రశ్న:
డ్రమ్ములు, ఇత్తడి ఊదు వాద్యాలు (బ్రాస్) వాయిస్తూ మైదానంలో కవాతు చేసే బృందాన్ని డ్రమ్ కోర్ అంటారు. అమెరికాలో 1972లో మొదలైన డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పోటీల్లో బ్లూ డెవిల్స్ బృందమే ఇరవైకి పైగా టైటిళ్లు గెలిచింది. 2004లో మైకులను, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలైన సింథసైజర్లను అనుమతించారు. ఇప్పుడు మైదానం నిండా ర్యాంపులు, భారీ సెట్లు కనిపిస్తున్నాయి. ఇంత ఖర్చు భరించలేని బృందాలకు పైకి వచ్చే దారి మూసుకుపోయినట్లేనా?

మొదటి సమాధానం:
పూర్తిగా మూసుకుపోలేదండీ. బ్లూకోట్స్ బృందం తన తొలి టైటిల్‌ను 2016లో గెలిచింది. ఆ ప్రదర్శనలో ఈకల టోపీలను పక్కనపెట్టి, వాద్యకారులను వాలు వేదికల మీదకు ఎక్కించి, మైదానం రూపాన్నే మార్చేసింది. మొదటి నుంచీ పోటీల్లో ఉన్న బోస్టన్ క్రూసేడర్స్ 2025లో తొలిసారి విజేత అయినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

రెండవ సమాధానం:
మైకులను నేను తప్పుపట్టను. ఒకప్పుడు సోలో స్పష్టంగా వినబడాలంటే మిగతా బ్రాస్ అంతా తగ్గాల్సి వచ్చేది; ఇప్పుడు ఒక్క ట్రంపెట్ మెత్తగా పలికినా స్టేడియం పైవరుసల దాకా చేరుతుంది, కాబట్టి స్వరరచనకే కొత్త వెసులుబాటు దొరికింది. అయితే 100 మార్కుల్లో 40 ప్రదర్శన చూపే మొత్తం ప్రభావానికే కేటాయించడంతో, రూపకల్పనకు పేరున్న డిజైనర్లను, మంచి శిక్షకులను ఏటా నిలుపుకోగలిగిన బృందానికి మొగ్గు ఉంటుంది. డబ్బు సమస్య చిన్న బృందాలదే అనుకోకండి: పదిసార్లు ఛాంపియన్ అయిన క్యాడెట్స్ సైతం 2024లో మూతబడింది.