స్పెయిన్ చిత్రకారుడు జొవాన్ మీరో 1919 స్వీయచిత్రం: ఇది క్యూబిజమేనా? ఆయన పారిస్ వెళ్ళాకే ఆర్టిస్టు అయ్యాడా?

శైలు_రంగులు:
నేను వైజాగ్‌లో ఫైన్ ఆర్ట్స్ చివరి సంవత్సరం. స్వీయచిత్రం వేసి ఇవ్వాలి. పాతవి చూస్తుంటే మీరోది కనిపించింది, ఎర్ర చొక్కా వేసుకుని సూటిగా మనవైపే చూస్తుంటాడు. నాకు తెలిసిన మీరో అంటే చుక్కలు, నక్షత్రాలు, నల్ల గీతలు. ఇందులో ముఖం మీద ప్రతి ముడతా లెక్కపెట్టినట్టు వేసి, చొక్కాని మాత్రం పలకలు పలకలుగా విరిచాడు, ఎందుకలా? ఇది పికాసో దగ్గర ఉండేదట, ఎలా వెళ్ళింది? ఇంకోటి, ఇంట్లో పైచదువుకి బరోడా వెళ్ళు, కాదంటే విదేశం వెళ్ళు, వైజాగ్‌లో ఉంటే ఏమొస్తుంది అని రోజూ ఇదే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కుంచె_మాస్టారు:
శైలూ, చొక్కాలో క్యూబిజం, అంటే వస్తువుని పలకలుగా విరిచి వేసే పద్ధతి, ఉంది కానీ ముఖంలో లేదమ్మా. మీరో సొంత ప్రాంతం కాటలోనియాలో (స్పెయిన్) పాత చర్చిల్లో గోడల మీద దేవుడూ సాధువులూ ఉంటారు, పెద్ద కళ్ళు, ఎదురుగా చూపు, నీడలు తక్కువ. మీరోకి ఆ బొమ్మలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ చూపు అక్కడిదే. పారిస్ నుంచి వచ్చిన కొత్త పద్ధతినీ ఊళ్ళో పాత గోడబొమ్మనీ ఒకే కాన్వాసు మీద పక్కపక్కన పెట్టాడు, రెండిట్లో దేన్నీ దాచలేదు. నాకు ఆయన తర్వాతి బొమ్మల కన్నా ఇదే ఎక్కువ ఇష్టం. పికాసో సంగతంటావా, బార్సిలోనాలో గ్యాలరీ నడిపిన జోసెప్ దల్మౌ ద్వారా ఆయనకు చేరింది. 1973లో పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడు పారిస్ పికాసో మ్యూజియంలో ఉంది.

ఒక పని చెయ్యి. మీరో గురువు ఫ్రాన్సెస్క్ గలీ ఆయన కళ్ళకు గంతలు కట్టి, చేతికి వస్తువిచ్చి, తడిమి చూసి ఆ తర్వాత గుర్తుమీద గీయమనేవాడు. నువ్వు అద్దం ముందు కూర్చునే ముందు నీ ముఖాన్ని చేత్తో తడిమి గియ్యి. చేతికి దొరకకపోతే ముందు ఏటికొప్పాక బొమ్మతో మొదలుపెట్టు, ఆ నున్నటి వంపులు వేళ్ళకు బాగా తెలుస్తాయి.

భీమిలి_గాలి:
ఇంట్లో గొడవ మీరోకీ ఉంది అక్కా. తండ్రి మాట మీద 1910లో మందులూ రసాయనాలూ అమ్మే కంపెనీలో గుమాస్తాగా చేరి, మరుసటేడు జబ్బుపడి, మోంట్‌రోయిగ్ అనే పల్లెలో వాళ్ళ పొలం ఇంటికి వెళ్ళి కోలుకున్నాడు. ఆ తర్వాతే గలీ దగ్గర చేరాడు. 1918లో బార్సిలోనాలో మొదటి సోలో షో పెడితే జనం వెక్కిరించారు. 1920లో పారిస్ వెళ్తే అక్కడి మ్యూజియాలు చూసి చెయ్యి కదల్లేదు. 1921లో అక్కడ పెట్టిన షో కూడా దెబ్బతింది. తర్వాత కూడా చాలా ఏళ్ళు శీతాకాలం పారిస్‌లో, వేసవి మోంట్‌రోయిగ్‌లో గడిపాడు. ఆ పొలం మీద వేసిన 'ద ఫార్మ్' మోంట్‌రోయిగ్‌లో మొదలుపెట్టి 1922లో పారిస్‌లో పూర్తి చేశాడు, అక్కడి గడ్డి కూడా పారిస్‌కి తీసుకెళ్ళి చూసి మరీ వేశాడు. రచయిత హెమింగ్వే కొన్నాడు దాన్ని. కాబట్టి ఊరు వదిలితేనే అవుతుందన్న మాట తప్పు.

కుంచె_మాస్టారు:
భీమిలీ, నువ్వు చెప్పిన వివరాలు సరైనవే, ముగింపుతో మాత్రం ఒప్పుకోను. పారిస్‌లో బ్లోమే వీధి స్టూడియోలో పక్కింట్లో చిత్రకారుడు ఆంద్రే మాసన్ ఉండేవాడు, ఆయన దగ్గరికి కవులు వచ్చేవాళ్ళు. ఆ పరిచయాలు లేకుండా 1924 తర్వాతి మీరో, శైలు చెప్పిన చుక్కలూ నక్షత్రాల మీరో, లేడు. షో పోయినా, డబ్బు లేకపోయినా ఆయన అక్కడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది అందుకే. శైలూ, బరోడాలో సీటొస్తే వెళ్ళు. సెలవులకి ఇంటికొచ్చి ఇక్కడి బొమ్మలే వెయ్యి, రెండూ కుదురుతాయి. స్వీయచిత్రం మాత్రం ఇక్కడున్నప్పుడే పూర్తిచేసి, ఈ థ్రెడ్‌లో పెట్టు, చూసి చెబుతాను.