సిలబస్ మొత్తం ఒకే నమూనాలో ఆన్‌లైన్‌లో ఎక్కించాలట. మీ దగ్గర ఎలా ఉంది?

నర్సంపేట లెక్చరర్:
సిలబస్ ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో కోర్సు కోడ్, క్రెడిట్లు, యూనిట్లు, ఔట్‌కమ్‌లు (కోర్సు అయ్యాక విద్యార్థికి ఏం రావాలో), పుస్తకాలు... అన్నిటికీ వేర్వేరు గడులు. వాడినవాళ్లు చెప్పండి: బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) ఆమోదం కూడా అందులోనే అవుతుందా? మధ్యలో ఎవరైనా యూనిట్ మారిస్తే తెలుస్తుందా?

బ్యాక్‌లాగ్ వీరుడు:
ఆమోదం సంగతి తర్వాత సార్. పాత సిలబస్ ఉంచుతారా, లేపేస్తారా? నాకు ఒక పేపర్ మిగిలింది. సైట్‌లో కొత్తది పెట్టి పాతది తీసేశారు. ఫోన్ చేస్తే సీనియర్లను అడుక్కోమన్నారు. నయీంనగర్‌లో జిరాక్స్ షాపాయన దగ్గర దొరికింది, అదీ మూడో యూనిట్ పేజీ లేకుండా.

తెలుగు మేడం:
గడుల గురించి నన్నడగండి. మా శాఖ సిలబస్ అంతా పాత డీటీపీ ఫాంట్‌లో ఉంది. తెచ్చి గడిలో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కొక్కేలు. వ్యాకరణం యూనిట్ చూసి మా పిల్లలు బూతులనుకున్నారు.

హన్మకొండ డీటీపీ:
మేడం, ఫాంట్‌ను అనకండి. కన్వర్టర్‌లో వేస్తే నిమిషంలో యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా చదివే అక్షరాలు, అవుతుంది.

తెలుగు మేడం:
వేశాను. 'ఛందస్సు' కాస్తా 'ఛందసు' అయింది. ఒత్తులు ఎగిరిపోయిన సిలబస్‌తో సంధులు చెప్పమంటారా?

సుబేదారి సిస్టమ్స్:
ఇద్దరూ ఆగండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు కట్టినవాడిని చెప్తున్నా. పాత ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత చోటుంది. ఇన్నేళ్లయినా మారకపోతే తప్పెవరిది?

హన్మకొండ డీటీపీ:
చెప్పడం తేలికే అన్నా. మేం పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ నడుస్తుందా? పొద్దున పరీక్ష పెట్టుకుని రాత్రి ప్రశ్నపత్రం పట్టుకొస్తారు గదా, అప్పుడు ఏమైంది మీ యూనికోడ్?

బ్యాక్‌లాగ్ వీరుడు:
ప్రశ్నపత్రాలు మీ షాపులో కొడతారా?! షాపు ఎక్కడన్నా?

హన్మకొండ డీటీపీ:
ఇంటర్నల్స్‌వి తమ్మీ. నీకు పనికిరావు.

నర్సంపేట లెక్చరర్:
దయచేసి అసలు విషయానికి రండి.

కాజీపేట జంక్షన్:
అసలు విషయం ల్యాబులు సార్. యూజీసీ లెక్కలో వారానికి గంట థియరీకి ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. మా పోర్టల్‌కు ఆ తేడా తెలియదు. ఫిజిక్స్ ప్రాక్టికల్‌కు గంటకో క్రెడిట్ వేసి, మొత్తం దాటిందని మళ్లీ నాకే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక! గంటలు తగ్గిస్తేగానీ సేవ్ కాదు. తగ్గిస్తే ప్రయోగాలు ఎప్పుడు చేయించాలి? సీబీసీఎస్ (సబ్జెక్టులు ఎంచుకునే క్రెడిట్ల పద్ధతి) వచ్చిన కొత్తలో కాగితం మీద ఇదే గొడవ, ఇప్పుడు తెర మీద.

సుబేదారి సిస్టమ్స్:
సెట్టింగ్‌లో ఎల్-టీ-పీ (లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలు విడిగా లెక్కేసేది) ఆన్ చేయలేదేమో.

కాజీపేట జంక్షన్:
ఆ సెట్టింగ్ మా చేతిలో ఉంటే ఇక్కడికెందుకొస్తాను? సలహా ముందు ప్రశ్న చదవండి.

డల్లాస్ ఓరుగల్లు:
మీకు ఎర్ర అక్షరాలైనా వస్తున్నాయి. ఇక్కడ ఒక సబ్జెక్టుకు మినహాయింపు అడిగితే డిగ్రీలో చదివిన కోర్సు వివరాల లింక్ పంపమన్నారు. మా కాలేజీ పెట్టింది వంకర స్కాన్. సంతకాలు, స్టాంపు బ్రహ్మాండంగా కనపడతాయి, సిలబస్ కనపడదు. ఏ నమూనా అయితేనేం, పెట్టనివ్వండి మేడం.

తెలుగు మేడం:
వద్దని నేనెక్కడన్నాను? ఒత్తులతో పెట్టమన్నాను.

సుబేదారి సిస్టమ్స్:
లెక్చరర్ గారూ, మీ ప్రశ్నకు: సరిగ్గా కడితే ఆమోదం అందులోనే. పాసయ్యాక గడులు తాళం పడాలి, మార్చాలంటే తీర్మానం నంబరు అడగాలి, ఎవరు ఎప్పుడు మార్చారో నమోదవ్వాలి. పాతది తీసేయకూడదు, ఏ ఏడు చేరినవాళ్లకు ఏ సిలబస్సో తగిలించి ఉంచాలి. ఇవి ముందే టెండర్‌లో రాయించుకోండి. తర్వాత అడిగితే ప్రతిదానికీ బిల్లు వేస్తారు.

నర్సంపేట లెక్చరర్:
టెండర్ అయిపోయిందండీ.

హన్మకొండ డీటీపీ:
మేడం, ఫైల్ షాపుకు పంపండి. ఒత్తులు ఒక్కొక్కటి చేత్తో వేయిస్తా. పేజీకి ఇరవై.

తెలుగు మేడం:
మొన్నటిదాకా పదిహేనే గదా?