మందాన్ని కూడా తల సైజుతో భాగించాలా?

ఉష_న్యూరో:
నమస్తే అండీ. పీహెచ్‌డీ చేస్తున్నా. అరవై దాటినవాళ్ళ మెదడు టీ1 స్కాన్లూ (ఒక రకం ఎంఆర్ఐ), పాతికేళ్ళ లోపువాళ్ళవీ మెదడు కొలతలు తీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీసర్ఫర్‌లో నడిపించాను. పెద్దవాళ్ళలో కార్టెక్స్ (మెదడు పైపొర) మందం బాగా తక్కువ, ఉపరితల వైశాల్యంలో అంత తేడా లేదు. మా గైడు రెండింటినీ ఐసీవీతో (పుర్రె లోపలి ఘనపరిమాణం, అంటే తల సైజు) భాగించమన్నారు. భాగిస్తే మందం ఫలితం తలకిందులైంది! ఏది రాయను?

సల్కస్:
ఉషగారూ, మందాన్ని భాగించకండి. తల పెద్దదైతే వైశాల్యం పెరుగుతుంది, మందం దాదాపు కదలదు. పెద్ద పెనం మీద పోస్తే అట్టు వెడల్పవుతుంది గానీ దిబ్బరొట్టె అవదుగా. మీ పెద్దల గుంపులో ఆడవాళ్ళు ఎక్కువా? వాళ్ళ తలలు సగటున చిన్నవి, భాగిస్తే లేని మందం వచ్చి పడుతుంది. వైశాల్యానికైనా భాగహారం వద్దు, ఐసీవీని కోవేరియేట్‌గా (మోడల్లో కలిపి దాని ప్రభావం తీసేసే అంశంగా) పెట్టండి.

అసలు ఈ రెండూ ఒక తాను గుడ్డలు కావు. కార్టెక్స్‌లో నిలువు వరసల్లా ఉండే కణాల కాలమ్‌లు ఎన్ని ఉంటే అంత వైశాల్యం, ఒక్కో కాలమ్‌లో కణాలను బట్టి మందం అని న్యూరోసైంటిస్టు పాస్కో రాకిచ్ 1988లోనే ప్రతిపాదించాడు. 2009లో కవలల స్కాన్లు చూసినవాళ్ళకి రెండింటి వెనక జన్యువులు చాలావరకు వేరువేరని తేలింది.

కాయిల్_అక్క:
నేను స్కానర్ దగ్గర కూర్చునే మనిషిని, గణాంకాల జోలికి పోను. ఒకటే అడుగుతా ఉషా, బొమ్మలు తెరిచి చూశావా? పెద్దాయన్ని కదలొద్దంటే అప్పుడే దగ్గొస్తుంది. కదిలిన స్కానులో కార్టెక్స్ ఉన్నదానికన్నా పల్చగా లెక్కకొస్తుంది. కుర్రాళ్ళు కట్టెల్లా పడుకుంటారు. సగటు మందమే రెండున్నర మిల్లీమీటర్లు, వోక్సెల్ (స్కాన్ బొమ్మలో ఒక గడి) ఒక మిల్లీమీటరు, కార్టెక్స్ హద్దు గీత కాస్త జరిగినా నీ తేడా అంతా అదే కావచ్చు. ఫ్రీవ్యూలో (ఫ్రీసర్ఫర్ బొమ్మలు చూసే ప్రోగ్రామ్) కరోనల్ స్లైసులు (ముఖానికి సమాంతరంగా కోసిన బొమ్మలు) ఒక్కొక్కటీ తిప్పు. ఎంటోరైనల్ (కణత లోపలివైపు కార్టెక్స్) దగ్గర ఆగి చూడు, అక్కడ పియల్ గీత (కార్టెక్స్ బయటి హద్దు) డ్యూరాని (మెదడు మీది గట్టి పొర) కూడా కలుపుకుని బయటికి పోతుంటుంది. అప్పుడు మందం ఎక్కువొస్తుంది.

ఉష_న్యూరో:
పెద్దవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువండీ, దొరికింది. స్కాన్లు చూస్తానక్కా. ఎపార్క్ స్టాట్స్‌లో (ఫ్రీసర్ఫర్ ఇచ్చే కొలతల పట్టిక) ఉండే వైశాల్యం ఏ ఉపరితలానిది?

సల్కస్:
వైట్ ఉపరితలానిది, అంటే కార్టెక్స్ లోపలి హద్దుది. పియల్‌ది కావాలంటే విడిగా తీయాలి. మీకు వైటే నయం, కార్టెక్స్ పల్చబడితే పియల్ వైశాల్యం కూడా దాంతోపాటు మారుతుంది. అన్నట్టు, అందర్నీ ఒకే ఫ్రీసర్ఫర్ వెర్షన్లో నడిపారా? సగం 5.3, సగం 6 అయితే కొలతలే మారతాయి, మళ్ళీ మొదటికే.