ఊరి పేరు చెప్పి అమ్మే సరుకు నిజంగా ఆ ఊరిదేనని ఎలా తేల్చుకుంటున్నారు?

కొత్తకొట్టు (ప్రశ్న):

అందరికీ నమస్తే. ఆర్నెల్ల క్రితం హైదరాబాద్‌లో ఒక చిన్న కొట్టు పెట్టాను. మన ఊళ్ల సరుకు తప్ప ఇంకేమీ పెట్టను. అనకాపల్లి బెల్లం, గుంటూరు కారం, ఆత్రేయపురం పూతరేకులు, తాండూరు కందిపప్పు, గానుగ నూనె, నెయ్యి, అంతే. కొనేవాళ్లలో చాలామంది ఆ ఊళ్ల చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లే, నోట్లో వేసుకోగానే పట్టేస్తారు.

పోయిన నెల ఒక సప్లయర్ బెల్లం శాంపిల్ పంపాడు. ముదురు రంగు, చెరకు వాసన, వేలితో నొక్కితే కొంచెం దిగేంత మెత్తదనం. వెంటనే రెండు క్వింటాళ్లు చెప్పాను. తీరా వచ్చిన దిమ్మలు తెల్లగా, రాయిలా ఉన్నాయి, తింటే చివర్లో ఉప్పగా తగులుతోంది. ఒక పెద్దావిడ కిలో తీసుకెళ్లి మర్నాడే వెనక్కి తెచ్చింది. "బాబూ, మొన్నటి బెల్లం ఇది కాదు, నీ మాట నమ్మి తీసుకెళ్లాను" అంది. డబ్బులిచ్చేశాను గానీ ఆ మాట మనసులోంచి పోవట్లేదు. సప్లయరేమో అదే ఊరు, అదే రైతు అంటున్నాడు.

జీఐ ట్యాగ్ (ఈ సరుకు ఫలానా ఊరిదని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉంటే సరిపోతుందా? ప్రతిదీ ల్యాబ్‌కి పంపాలా? ఎన్నాళ్ల నుంచో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ కొట్టు:

తమ్ముడూ, శాంపిల్ అనేది వాడు ఏరి పంపేది. దాన్ని చూసి రెండు క్వింటాళ్లు చెప్పడమే తప్పు. నాకూ మొదటి రెండేళ్లు ఇలాగే పోయింది. ఇప్పుడేం చేస్తానంటే, నచ్చిన శాంపిల్‌లో అరకిలో సీసాలో వేసి, తేదీ రాసి దాచుకుంటాను. లోడు రాగానే నేను చూపించిన బస్తా విప్పించి, పక్కపక్కన పెట్టి, రెండూ రుచి చూశాకే దించుకుంటాను. తేడా ఉంటే బండి వెనక్కి పోతుంది, ఈ మాట ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

నీ బెల్లం సంగతి, ఆ తెలుపు ఎక్కువగా హైడ్రోస్‌ వల్ల వస్తుంది. అదొక రసాయనం, చెరకు రసం కాగేటప్పుడు వేస్తారు, రంగు తేలుతుంది. రైతు సరదాకి వెయ్యడు, మార్కెట్‌లో తెల్ల బెల్లానికే రేటు ఎక్కువ పలుకుతుంది కాబట్టి వేస్తాడు. నల్ల బెల్లం కావాలంటే సీజన్ ముందే ఆ రైతుతో మాట్లాడుకుని, రంగు ఎలా ఉన్నా రేటు ఇదీ అని ఖాయం చేసుకోవాలి. వానాకాలంలో అది చెమ్మ పట్టి ఇంకా నల్లబడుతుంది, కారుతుంది కూడా. ఆ నాలుగు నెలలూ తక్కువ తెప్పించుకో.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది లెక్కని. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. అంటే కిలో నెయ్యికి తక్కువలో తక్కువ పదిహేను, పదహారు లీటర్ల పాలు కావాలి. ఆవు పాలైతే పాతిక దాటుతుంది. లీటరు పాలు ఎంత పెట్టి కొంటున్నామో అందరికీ తెలుసు, నువ్వే గుణించు. వెన్న తీసిన పాలు అమ్ముకుంటే కొంత వస్తుంది, అదీ తీసెయ్యి. అప్పటికీ వాడు చెప్పే నెయ్యి రేటు ఆ పాల ఖరీదు కంటే బాగా తక్కువ వస్తే ఇంక వాసన చూడక్కర్లేదు. వేరుశనగ నూనె కూడా అంతే, గానుగలో లీటరు నూనె దిగాలంటే రెండున్నర కిలోల దాకా పప్పు పడుతుంది. నూనె తీశాక మిగిలే చెక్క అమ్ముకుంటే కొంత వస్తుంది, అదీ లెక్కలో వెయ్యి. ఆ పప్పు ఖరీదుకే నూనె ఇస్తానన్నవాడి దగ్గర నేనైతే కొనను.

కారం మాత్రం పొడి కొనకు. పొడి అయ్యాక అందులో ఏముందో కంటికి తెలియదు. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు యార్డుకి కొత్త కాయ వచ్చినప్పుడు వెళ్లి కాయే కొను. ఒక కాయ విరిచి చూడు, తోలు నిగనిగలాడుతూ గింజ పసుపుగా ఉంటే కొత్తది, గింజ గోధుమరంగు తిరిగితే పాత కాయని అనుమానించాలి. తాలు, అంటే రంగు పోయిన కాయలు ఏరించి, తొడిమలు తీయించి, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, నెలకి సరిపడా ఆడించుకో. కొంచెం ఖర్చే, కానీ నీ కారంలో ఏముందో నీకు తెలుస్తుంది.

ల్యాబ్‌కి కంటితో తేలనివి పంపు: నెయ్యి, బయట ఆడించిన కారం, తేనె. ప్యాకెట్ మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండి తీరాలి, లేకపోతే పెట్టొద్దు, కానీ అది లైసెన్సు మాత్రమే, రుచికి గ్యారంటీ కాదు.

రేకులిల్లు:

మాది ఆత్రేయపురం అండీ. మా అత్తగారు, నేను రేకులు తీస్తాం, నాలుగైదు కొట్లకి పంపిస్తాం. జీఐ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మా పూతరేకులకి 2023లో వచ్చింది, చాలా సంతోషం. ఆ పేరు పెట్టుకోవాలంటే సరుకు ఇక్కడ తయారవ్వాలి. అయితే ఈ ఊళ్లో చేసినా మడతలోపల ఏ నెయ్యి రాశారో పెట్టె మూత మీద తెలియదు కదండీ. అది మీరే అడగాలి, వచ్చి చూడాలి.

పొద్దున్నే రండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పల్చటి బియ్యం పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే రేకు తేలుతుంది, క్షణం ఆలస్యమైతే మాడిపోతుంది. ఆ రేకు చేత్తో పట్టుకుంటే అవతల వేళ్లు కనపడాలి. మందంగా ఉంటే నోట్లో కరగదు, పళ్లకి అంటుతుంది. నెయ్యి మంచిదైతే మూత తియ్యగానే వాసన మీ దాకా వస్తుంది. డాల్డా కలిస్తే అంగిలికి జిడ్డు పట్టేస్తుంది, మంచినీళ్లు తాగినా పోదు.

ఇంకో మాట, మనసులో ఉంది, చెప్పేస్తాను. రుచి చూసి ఆహా అని, తర్వాత పెట్టెకి ఇరవై రూపాయలు తగ్గించమంటారు. ఆ ఇరవై ఎక్కణ్నుంచి తగ్గుతుందండీ? నెయ్యిలోంచే. మేం తగ్గించం, తగ్గించేవాళ్లు దొరుకుతారు, మర్నాటి నుంచి ఆ కొట్టులో వాళ్ల పెట్టెలే ఉంటాయి. డబ్బు సమయానికి ఇచ్చి, రెండు వారాల్లో అమ్ముడయ్యేంతే చెప్పే కొట్టువాళ్లుంటే మా పనీ బాగుంటుంది, మీ పేరూ నిలబడుతుంది.

తాండూరు పిలగాడు:

అన్నా, పప్పు సంగతి నేను చెప్తా. మాది తాండూరు పక్కనే, నాన్న కంది వేస్తాడు. మా కందికి 2022లో జీఐ వచ్చినప్పటి నుంచి ఎక్కడి పప్పుకైనా మా ఊరి పేరే పెడుతున్నారు. మెరిసేది తీసుకోకు, అది పాలిష్. పాలిష్ లేనిది కొంచెం మసకగా ఉంటది, చేతికి పిండి అంటుతది. శాంపిల్ చూసుడు కాదు, అదే కుక్కర్‌లో అన్ని నీళ్లే పోసి పాత పప్పు ఒకసారి, కొత్తది ఒకసారి ఉడికించి చూడు. ఏది మెత్తగా ఉడికి కమ్మగా వాసనొస్తదో నీకే తెలుస్తది. కుదిరితే రైతుల దగ్గర కందులే కొని మిల్లులో పట్టించుకో.

కొత్తకొట్టు:

అందరికీ చాలా థాంక్స్. మిగిలిన బెల్లం అంతా పక్కన పెట్టేశాను, ఒక్క కిలో కూడా అమ్మను. రేకులిల్లు గారూ, నేను కూడా ఒకసారి రేటు తగ్గించమని వేరేవాళ్లని అడిగాను, మీరు చెప్పాక చాలా బాధనిపించింది. వచ్చే వారం ఆత్రేయపురం వస్తున్నాను. కాకినాడ అన్నా, తేనె ఎక్కడ తీసుకుంటున్నారు? నీళ్లలో చుక్క వేసి చూడమని అందరూ చెప్తున్నారు.

కాకినాడ కొట్టు:

ఆ చుక్క పరీక్ష నమ్మకు. చిక్కటి పంచదార పాకం కూడా అలాగే అడుక్కి దిగుతుంది. నేను జీసీసీ (ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) తేనె ఒక్కటే పెడుతున్నాను, వాళ్లు అడవిలో గిరిజనుల దగ్గర కొంటారు. చలికాలంలో అది పేరుకుంటుంది, పంచదార కలిపారని గొడవకొస్తారు. అందుకే తేనె సీసాల పక్కన ఒక అట్ట మీద "పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో సీసా పెట్టండి, కరుగుతుంది" అని రాసి పెట్టాను. నువ్వూ ఇప్పుడే రాసి పెట్టుకో.