సమస్యాపూరణం: “పన్ను లేనివాడు పన్ను కట్టె”

నిర్వాహకుడు: నిన్న హైదరాబాదులో పెట్రోలు బంకు వరుసలో నా ముందు నిలుచున్న పెద్దాయన, తానెన్నడూ ప్రభుత్వానికి పైసా పన్ను కట్టలేదని బోసినోటితో గర్వంగా చెబుతూనే స్కూటరులో రెండు లీటర్లు పోయించుకున్నారు. ఈ పాదం అక్కడే పుట్టింది. మోటారు బండి వాసన తగలని పూరణ తీసుకోను.

గోదారిగట్టు:
మనుమ డడుగ బండి మక్కువన్ గొనిపెట్టి
జీవితాంతమునకు జెల్లు ననగ
బోసినోటి తాత బుగ్గలు నవ్వగా
పన్ను లేనివాడు పన్ను కట్టె.

మూసీతీరం: బుగ్గలు నవ్వడం బాగుంది. అయితే జీవితాంతం అన్నది ఎవరి జీవితం? బండి కొన్నప్పుడే ఒక్కసారిగా కట్టే లైఫ్ ట్యాక్సు బండి ఆయువుకే గాని తాతగారి ఆయువుకు కాదని రవాణా శాఖకు తెలుసు, మీ పద్యానికి తెలిసినట్టు లేదు. పైగా పన్నును దంతం చేయడం ఎవరికైనా మొదట తట్టే దారి. నా పూరణ చూడండి:

మూడు చక్రములను ముప్పొద్దు నడుపుచు
దినము కొని పెట్రోలు తిరుగు నతడు
ఆయపన్ను పరిధి కందని బడుగయ్యు
పన్ను లేనివాడు పన్ను కట్టె.

నిర్వాహకుడు: విరుపు చక్కగా కుదిరింది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, 35.2 శాతం, డీజిలు మీద 27 శాతం. అదీ కేంద్రం వేసే ఎక్సైజు సుంకం, డీలరు కమీషను కలిసిన ధర మీద లెక్కగడతారు గనుక, ఆటో నడిపేవాడు సుంకం మీద కూడా పన్ను కడుతున్నాడు. కానీ రెండో పాదంలో ‘కొని పె’ మూడు లఘువుల నగణం ఎలా అయింది? ‘ట్రో’ అనే సంయుక్తాక్షరం ముందున్న ‘పె’ గురువు.

మూసీతీరం: అద్రుచు, విద్రుచు అన్న చోట రేఫను, అంటే రకారాన్ని, తేల్చి పలికి ముందక్షరాన్ని లఘువుగా ఉంచినట్టే ఇక్కడా తేల్చి పలికాను.

గోదారిగట్టు: అవి తెలుగు క్రియలు. ‘ట్రో’ దగ్గర నాలుక ఎంత తేలుతుందో బంకులో కుర్రవాణ్ణి అడిగితే చెబుతాడు. పోయిన నెల నా టోలుగేటు పూరణలో, టోలు పన్ను కాదు, 2008 నాటి నియమాల కింద వసూలు చేసే రుసుము అని మూడు రోజులు నన్ను నిలబెట్టి పాఠం చెప్పినవారు, సొంత గణం దగ్గర మాత్రం గేటు ఎత్తేసి వెళ్ళిపోయారు.

మూసీతీరం: రుసుమును రుసుమనే అంటారు, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. గణం సంగతికి వస్తే, ‘ఇంధనంబు పోసి యేగు నతడు’ అని మార్చుతున్నాను. ఆటో సీఎన్జీతో నడిచినా ఇది చెల్లుతుంది, ఎందుకంటే పెట్రోలు, డీజిలుతో పాటు సహజవాయువు కూడా నేటికీ జీఎస్టీ బయటే ఉంది, దాని మీదా వ్యాటే పడుతుంది.

కొండపల్లిబొమ్మ: మీ ఇద్దరి మధ్య నా బ్యాటరీ బండిని కూడా కాస్త పోనివ్వండి.

మీట నొక్క గదులు మేలైన బండికి
శిస్తు లేదటంచు జెప్ప గొనియు
బిల్లు చివర జూచి వెలవెల బోవుచు
పన్ను లేనివాడు పన్ను కట్టె.

తెలంగాణలో 2024 నవంబరు నుంచి విద్యుత్ బండ్లకు రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను రుసుము మాఫీ అయినా, 5 శాతం జీఎస్టీ మాత్రం తప్పదు.

నిర్వాహకుడు: మూడో పాదంలో బి–వె యతి నిర్దుష్టం. ఇందులో నాకు మరొకటి తోచింది. బ్యాటరీ బండి కొన్నవాడు పన్నును బిల్లులో ఒక వరుసగా చూసి వెలవెలబోయాడు. నిన్నటి పెద్దాయన చేతిలోని బంకు చీటీలో లీటర్లు, ధర, మొత్తం తప్ప పన్ను వరుసే లేదు. ఆయన గర్వం చెక్కు చెదరకపోవడానికి ఆ చీటీయే కారణం. ఈ మెలికను పద్యంలో పెట్టినవారికి నా ఓటు.

గోదారిగట్టు: అయితే ఆ బోసినోటి పెద్దాయన మళ్ళీ నా తాత దగ్గరికే వచ్చారు. దంతం మొదట తట్టే దారి అన్నవారు ఇది గమనించగలరు.

మూసీతీరం: గమనించాను. మీ తాత కట్టింది లైఫ్ ట్యాక్సు, రసీదు చేతికిచ్చే పన్ను; ఈయన కట్టింది వ్యాట్. రెండూ ఒకటే అంటే రేపు టోలును కూడా మళ్ళీ పన్ను అంటారు.