గువాం వెళ్తే ఓటు పోతుందా? అక్కడి ప్రతినిధి మనకేం చేయగలరు?

హ్యూస్టన్_ఫార్మసిస్ట్

అందరికీ నమస్కారం. పసిఫిక్‌లో ఉన్న, రాష్ట్రం హోదా లేని అమెరికా దీవి గువాంలో ఉద్యోగం వచ్చింది. నాకు సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్లే, 2024లో మొదటిసారి ఓటేశాను. అక్కడికి మారితే అధ్యక్ష ఎన్నికల్లో ఓటుండదని ఒకరన్నారు. గువాం నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడికే సభలో ఓటు లేదట. మరి ఆయన చేసేదేమిటి? అమ్మ గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తోంది. రేపు ఏదైనా ఇబ్బందొస్తే ఎవరిని పట్టుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

తామునింగ్_అక్క

పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నానండీ. మీరు విన్నది నిజమే. హ్యూస్టన్ నుంచి హైదరాబాద్‌కు మకాం మార్చినా టెక్సస్ ఓటు వేసుకోవచ్చు, గువాంకు మారితే మాత్రం వేయలేరు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇక్కడివాళ్లు 1980 నుంచి ప్రతిసారీ అధ్యక్షుడికి ఓటేస్తూనే ఉన్నారు, అది లెక్కలోకి రాదని తెలిసి కూడా.

2023 జనవరి నుంచి మా ప్రతినిధి జేమ్స్ మోయ్లన్. కమిటీల్లో ఓటేస్తారు, బిల్లులు పెడతారు. బిల్లు పాసయ్యే ఆఖరి ఓటింగులో ఆయనకు ఓటు లేదు. అందుకే గువాం పనులు చాలావరకు ఏటా వచ్చే రక్షణ బిల్లుకు తగిలించి సాధించుకోవాల్సిందే.

ఎంత ఓపిక కావాలో మా పక్కింటి పెద్దావిడను చూస్తే తెలుస్తుంది. ఆవిడ చమోరో, అంటే గువాం మూలవాసి. రెండో ప్రపంచయుద్ధంలో గువాంను ఆక్రమించిన జపాన్ సైన్యం 1944 జూలైలో జనాన్ని మనెంగ్గోన్ క్యాంపుకు నడిపించినప్పుడు ఆవిడకు నాలుగేళ్లు, తల్లి చంకన ఉన్నారు. 1951 శాంతి ఒప్పందంలో అమెరికా జపాన్ మీద యుద్ధ పరిహారం క్లెయిములు వదులుకుంది, దాంతో ఇక్కడివాళ్లు జపాన్‌ను అడగలేకపోయారు. అప్పటి ప్రతినిధి మడలీన్ బోర్దాల్యో ఏళ్ల తరబడి పట్టుబట్టి, అమెరికాయే పరిహారం ఇచ్చేలా 2016లో చట్టం చేయించారు. క్యాంపులో ఉన్నవాళ్లకు 10,000 డాలర్లు. ఆ సొమ్మూ గువాంకు వచ్చే ఆదాయపన్ను వాటాలోంచి తీసిందే. చెల్లింపుల కోసం 2020లో మరో చట్టం కావాల్సి వచ్చింది. ఆవిడ చెక్కు కాపీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వాళ్లమ్మ ఫొటో వెనక దాచుకున్నారు. "అమ్మకు రావాల్సింది నాకొచ్చింది" అన్నారు నాతో.

ఇక మీ అమ్మగారి ఫైలు. మా అత్తగారి కాగితాలు ఒకసారి ఏడు నెలలు ఎక్కడో ఇరుక్కున్నాయి. ప్రతినిధి ఆఫీసుకు వెళ్తే ముందు ప్రైవసీ ఫారం మీద సంతకం చేయించుకున్నారు. అది లేకపోతే మన ఫైలు గురించి వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు. మూడు వారాల్లో ఎక్కడ ఆగిందో తెలిసింది. వాళ్లు ఎందుకు ఆగిందని అడగగలరు, ఫలానా నిర్ణయమే ఇవ్వమని చెప్పలేరు. రసీదు నంబరు మాత్రం మర్చిపోకండి.

పోర్ట్‌బ్లెయిర్_అబ్బాయి

అక్కా, మా తాతగారు శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి స్థిరపడ్డారు. మాకూ లోక్‌సభలో ఒక్కటే సీటు, కానీ మా ఎంపీ ఓటు హైదరాబాద్ ఎంపీ ఓటుతో సమానం. అసెంబ్లీ మాత్రం లేదు, మీకు శాసనసభ, గవర్నరు ఉన్నారు కదా. మోయ్లన్ గారు ప్రయత్నించినా సాధించలేకపోయినవి ఏమున్నాయి?

తామునింగ్_అక్క

నన్ను బాధపెట్టేది రేడియేషన్ పరిహారం, తమ్ముడూ. 1946 నుంచి 1958 దాకా మార్షల్ దీవుల్లో అమెరికా 67 అణు పరీక్షలు చేసింది. ఆ ధూళి గువాం మీదా పడిందని జాతీయ పరిశోధన మండలి 2005లోనే నివేదిక ఇచ్చింది. 2024 మార్చిలో సెనేట్ 69–30తో పాస్ చేసిన పరిహారం బిల్లులో గువాం పేరుంది, కానీ ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తేలేదు. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో న్యూ మెక్సికో చేరింది, మిస్సోరీ చేరింది, గువాం పేరు తీసేశారు. మోయ్లన్ ప్రయత్నించలేదని నేననను, దీనికోసం గట్టిగానే నిలబడ్డారు. అధికార పార్టీ మనిషై ఉండీ సాధించలేకపోయారంటే, ఓటు లేకపోవడం ఎంత పెద్ద లోటో చూడండి.

ఎస్‌ఎస్‌ఐ కూడా అంతే. పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఆ సాయం గంట విమాన ప్రయాణం కూడా లేని మరో అమెరికా దీవి సైపన్‌లో అందుతుంది, మా పక్కింటావిడకు అందదు. గువాంకూ ఇవ్వాలని మోయ్లన్ బిల్లు పెట్టారు.

హ్యూస్టన్_ఫార్మసిస్ట్

థాంక్యూ అక్కా. ఉద్యోగంలో చేరుతున్నాను. గువాంలో ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఏమేం కావాలో కూడా చెప్తారా?